చెవి తెగిన సివంగి

సినిమాలకు జంతువులను అద్దెకిచ్చే వ్యాపారంలో నేను నష్టం చూసింది తక్కువ. కంప్యూటర్‌లో చేసిన జంతువులు వచ్చాక బేరాలు పడిపోయాయి. గుర్రాలను, చిలుకలను వదిలించుకున్నాను. మిగిలింది ముసలి సివంగి ఒక్కటే. ఇంట్లో అందరం దాన్ని పెద్దమ్మాయి అంటాం.

చివరి బేరం ఆ కంప్యూటర్ కంపెనీతోనే కుదిరింది. పెద్దమ్మాయి చుట్టూ కెమెరాలు పెట్టి నడక, చూపు, గర్జన అన్నీ ఎక్కించుకున్నారు. దాని ఎడమ చెవి సగం తెగి ఉంటుంది.

"చెవి అలాగే ఉంచమను బావా. దాని గుర్తు అదే కదా," అన్నాడు దాన్ని సాకే మా బావమరిది.

లోపమున్న సరుకుకు ధర రాదు. చెవి నిండుగా చేయమని నేనే చెప్పాను. ఆ కంప్యూటర్ సివంగితో తీసిన సినిమా విరగబడి ఆడింది.

ఇప్పుడు నెలాఖరుకల్లా షెడ్డు ఖాళీ చేయాలి. ఈలోగా ఏ జూ తీసుకోకపోతే సూది మందుతో చంపేయడమేనని అధికారులు తేల్చేశారు. అడిగిన జూలన్నీ కాదన్నాయి. ఆఖరి జూ మేనేజరు మాత్రం చూడడానికి వచ్చాడు.

"ముసలిదాన్ని పెట్టుకుని నేనేం చేసుకోనండీ?"

"ఆ సినిమాలో సివంగి ఇదేనండీ. బోర్డు పెట్టండి, జనం ఆగరు."

ఆయన ఫోన్‌లో సినిమా ముక్క పెట్టి, తెరనూ బోనునూ మార్చి మార్చి చూశాడు.

"మరి చెవేదీ? నా చెవిలో పువ్వు పెడుతున్నారా?"

తెర మీది సివంగి చప్పట్లు వింటే తల తిప్పి కూర్చుంటుంది. అది పెద్దమ్మాయికి మా బావమరిది నేర్పిన విద్యే. "చప్పట్లు కొట్టరా," అన్నాను వాడితో. కొట్టాడు. పెద్దమ్మాయి లేచింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

అంతలో ఫోన్‌లోంచి గర్జన. దాని గొంతే, వయసులో ఉన్నట్టు దిద్దిన గొంతు. పెద్దమ్మాయి తోక ముడిచి, మూలకు పోయి, గోడవైపు తిరిగి పడుకుంది.

"తన గొంతుకు తనే జడుసుకుంటుందా ఎక్కడైనా?" అన్నాడు మేనేజరు.

"ఊరికే ఇచ్చేస్తానండీ, తీసుకెళ్లండి." ఆ మాట పుట్టి బుద్ధెరిగాక ఎవరితోనూ అనలేదు.

"ఊరికే అంటే అసలు తీసుకోను. వ్యాపారస్తులు, మీకు నేను చెప్పాలా?"

అక్కర్లేదు. నేనైనా తీసుకునేవాణ్ణి కాదు.

ఆయన కారు వెళ్లిపోయింది. బావమరిది బోను ముందు చతికిలబడి ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నాడు.

"ఆయన పోయాడమ్మా. ఫోన్ కూడా లేదు. ఒక్కసారి ఇటు తిరుగు."

అది తిరగలేదు. వాణ్ణి ఆపమనడానికి నాకు నోరు రాలేదు.