సూది ఉన్న కెమెరా

ముందు ఎంచుకోమని నన్నే అన్నారు. ఆ వరస తిరగబడి ఉంటే ఈ బాధంతా ఉండేది కాదు.

ఆ రోజు కృష్ణప్రియ వాళ్ళింట్లో అటక మీది సామాను దించుతున్నారు. తను, నేను సంగారెడ్డిలో ఇంటర్ ఒకే క్లాసు. మాది కంది దగ్గర పల్లె. వాళ్ళది పటాన్‌చెరు పక్కన ఫ్యాక్టరీ క్వార్టర్స్. వాళ్ళ తాతయ్య త్రినాథరావు గారు ఎప్పుడో కాకినాడ వైపు నుంచి ఆ ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చారు. తర్వాత కొడుకు సూర్యారావు గారికీ అందులోనే ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు సొంత ఫ్లాటు కొనుక్కున్నారు కాబట్టి చలికాలం పోయేలోగా క్వార్టరు ఖాళీ చేయాలి.

తాతయ్య భోజనాల బల్ల మీద పేపరు పరిచి రెండు పాత కెమెరాలు పెట్టారు. రెండూ రీలు వేసేవే.

“చెరొకటి తీసుకోండమ్మా. ఇదిగో, ఇది వెలుగు కొలుస్తుంది. కన్ను పెట్టి చూస్తే లోపల సూది కనిపిస్తుంది. ఈ చక్రం తిప్పుతూ సూదిని మధ్యలోకి తెస్తే చాలు. ఇక రెండోదానికి సూదీ లేదు, బ్యాటరీ లేదు. ఎంత వెలుగుందో మన కంటితో మనమే చెప్పుకోవాలి.”

“తాతయ్యా, సూదిది నాదని చిన్నప్పట్నుంచీ చెప్తున్నాను కదా!” అంది కృష్ణప్రియ.

“ఇంటికొచ్చిన పిల్లని ముందు అడగాలే. నువ్వాగు. చెప్పు నిషితా, ఏది కావాలి?”

నేను కెమెరాల వంక చూడలేదు. కృష్ణప్రియ వంక చూశాను. తను సూది ఉన్నదాన్ని, అప్పటికే తనదైపోయిన వస్తువును చూసినట్టు చూస్తోంది. తనకు అన్నీ అలాగే ఉంటాయి. లెక్చరర్ అడిగితే లేచి గట్టిగా జవాబు చెప్పే ధైర్యం ఉంది. తలుపు తీయగానే “బుజ్జితల్లీ, వచ్చావా?” అని ఎదురొచ్చే తాతయ్య ఉన్నాడు. మా పోచయ్య తాత నేను పుట్టక ముందే పోయాడు.

“గిది తీసుకుంట తాతయ్యా” అని సూది ఉన్నదాని మీద చెయ్యి వేశాను.

కృష్ణప్రియ మొహం చిన్నబోయింది. నాకు చాలా సంతోషం వేసింది.

సాయంత్రం మా అన్న ప్రవీణ్ డ్యూటీ దిగి, నన్ను బండి మీద ఊరికి తీసుకుపోవడానికి వచ్చాడు. కెమెరా చూపించి, దీనికి మీటరు ఉందన్నాను.

“మీటరా? పటాన్‌చెరుల ఆటోలకే లేదు గాని, నీ డబ్బాకుందా?” అని దారంతా నవ్వాడు. “జెర సూడు, కందికి ఎంతైతదో!”

నాకు కోపం రాలేదు. కెమెరా సంచిని ఒళ్ళో పెట్టుకుని, చలిగాలికి చున్నీ కప్పాను, కెమెరాకే.

సూర్యారావు గారు మా ఇద్దరికీ చెరొక రీలు తెప్పించారు. ఆదివారం పొద్దున బస్సెక్కి వాళ్ళింటికి వెళ్ళాను. తాతయ్య నా కెమెరాలో రీలు ఎక్కించి, చక్రం ఎలా తిప్పాలో చూపించారు. చక్రం మీద అంకెలు ఉంటాయి. అంకె పెద్దదైతే లోపలి రంధ్రం చిన్నదవుతుంది, వెలుగు తక్కువ వెళ్తుంది. నేను తిప్పాను. సూది మధ్యలోకి వచ్చింది.

“అంతే. నీకింక నాతో పని లేదు” అన్నారాయన నవ్వుతూ.

ఆ తర్వాత కృష్ణప్రియను తీసుకుని బయట పిట్టగోడ మీద కూర్చున్నారు. వాళ్ళ పాఠం అయిపోలేదు. అసలు అది ఒక రోజులో అయ్యేది కాదు. ఆయన గోడ మీద చెయ్యి చాపేవారు. చేతి నీడ ఇటుకల మీద పడేది.

“నీడ అంచు చూడు. కత్తితో కోసినట్టుందా?”

“ఉంది.”

“అలా ఉంటే చక్రం మీద పదహారు. అంచు మెత్తబడితే పదకొండు. నీడ ఉందా లేదా అన్నట్టుంటే ఎనిమిది. ఇప్పుడు ఆ సపోటా చెట్టు కింద చూడు. ఎంత?”

“ఎనిమిదా?”

“ఇంకా దిగు, ఇంకా దిగు. చెట్టు కింద మనిషికి ఎనిమిది పెడితే నల్లటి దెయ్యంలా వస్తాడు.”

ఇద్దరూ నవ్వేవారు. నేను గుమ్మంలో నిలబడి సూది చూసుకునేదాన్ని. పువ్వు మీద పెడితే సూది చెప్పేది. తొట్టి మీద పెడితే చెప్పేది. అది అన్నీ చెప్పేస్తుంటే, నన్ను అడిగేవాళ్ళు ఎవరు?

ఆదివారాలన్నీ అలాగే గడిచాయి. “ఎంత?” అని ఆయన తనను అడుగుతారు. తను కళ్ళు చికిలించి ఆలోచిస్తుంది. తప్పు చెబితే నెత్తి మీద మొట్టికాయ, ఒప్పు చెబితే జేబులోంచి ఒక జీడిపప్పు. నాకు కూడా జీడిపప్పు పెట్టేవారు, అదీ గుప్పెడు, ఏమీ అడగకుండానే. అది నాకు రుచించేది కాదు. ఒక్కసారి నా వైపు తిరిగి “ఎంత?” అని అడిగితే చాలనిపించేది. మొట్టికాయ పడినా సరే.

అడుగుతారేమోనని లోపల్లోపల నేనూ లెక్క వేసుకునేదాన్ని. నీడలు నాకు కొత్త కాదు. మా ఊళ్ళో నానమ్మ మల్లవ్వ నీడ ఎక్కడిదాకా వచ్చిందో చూసి మిరపకాయలు ఎత్తమంటుంది. ఒక పొద్దున గోడ నీడ చూసి మనసులో పదహారు అనుకున్నాను. కృష్ణప్రియ కూడా పదహారే అంది.

“కాదు, పదకొండు” అన్నారు తాతయ్య. “పైకి చూడండి. ఆకాశం నీలంగా ఉందా? చలికాలం పొద్దున ఇక్కడ ఫ్యాక్టరీల పొగ పైకి పోదు. నీడ గట్టిగానే కనిపిస్తుంది గానీ, ఎండలో సగం మధ్యలోనే ఆగిపోతుంది. నేనొచ్చిన కొత్తలో మా కాకినాడ లెక్కే వేసి రీళ్ళన్నీ నల్లగా చేసుకున్నాను.”

చివరి మాట అంటున్నప్పుడు ఆయన చెయ్యి కృష్ణప్రియ భుజం మీద ఉంది. మా ఊరి ఎండ వేరు, ఇక్కడి ఎండ వేరు అని నాకూ ఆ రోజే తెలిసింది. కానీ నేనూ మనసులో పదహారే అనుకున్నానని ఆయనకు తెలియదు. తెలిసేలా మాట్లాడటం నాకు చేతకాదు.

మర్నాడు కాలేజీలో అడిగేశాను.

“కృష్ణప్రియా, మార్చుకుందమా? నీకు సూదిదే ఇష్టమంటివి గద. నాది నువ్వు తీస్కో.”

తను టిఫిన్ డబ్బా మూత పెడుతూ, “ముందు ఏడుపొచ్చిందే నిజంగా. ఇప్పుడైతే నాకు ఇదే బాగుంది. తాతయ్యతో భలే సరదాగా ఉంటుంది” అంది. “అయినా నీకేం తక్కువే? నీది తప్పే చెప్పదు!”

వెక్కిరిస్తోందేమోనని చూశాను. లేదు. నిజంగానే అంది. వెక్కిరించినా బాగుండేది, పోట్లాడేదాన్ని.

ఇల్లు ఖాళీ చేసే ఆదివారం వచ్చింది. వాకిట్లో అట్టపెట్టెలు, కట్టిన పరుపులు. లారీ ఇంకా రాలేదు. కృష్ణప్రియ నానమ్మ అన్నపూర్ణమ్మ గారు గుమ్మం కడిగి పసుపు రాశారు.

“విడిచిపెట్టే ఇంటికి పసుపేంటమ్మా?” అన్నారు సూర్యారావు గారు.

“ఇన్నాళ్ళు నీడనిచ్చింది. ఉత్త గుమ్మంతో వదిలిపోతామా? అందరం ఇక్కడ నిలబడి ఒక ఫొటో తీయించుకుందాం. పిలు మీ నాన్నని.”

“ఫోను ఉందిగా, సెల్ఫీ తీసేస్తాను.”

“ఫోనొద్దురా” అన్నారు తాతయ్య బయటికి వస్తూ. “ఈ గుమ్మంలో నీ బారసాల ఫొటో నేను రీలు మీదే తీశాను. ఇదీ అలాగే తీద్దాం. మా బుజ్జితల్లి తీస్తుంది.”

“బుజ్జి తీస్తే బుజ్జి ఉండదు కదా ఫొటోలో!” అన్నారు కృష్ణప్రియ వాళ్ళమ్మ.

అందరూ నా వైపు తిరిగారు.

“నిషిత ఉందిగా!” అన్నారు తాతయ్య.

ఫొటో తీయడానికి ఆయన నోట నా పేరు! మరుక్షణమే అర్థమైంది. బాగా తీస్తానని కాదు. ఆ ఫొటోలో ఉండనక్కర్లేని మనిషిని నేనొక్కదాన్నే.

“నా కెమెరా ఇవ్వనా?” అంది కృష్ణప్రియ.

“వద్దు. నా దాంట్లె ఇంకా రీలుంది” అన్నాను.

వాళ్ళు గుమ్మం ముందు మెట్ల మీద నిలబడ్డారు. వెనక కొత్తగా సున్నం కొట్టిన గోడ. ఎండ సూటిగా పడుతోంది. కృష్ణప్రియ మాత్రం చివర, సపోటా చెట్టు నీడలో నిలబడి జడ సర్దుకుంటోంది. నేను కన్ను పెట్టి చక్రం తిప్పాను. సూది మధ్యలోకి వచ్చి ఆగింది. పదహారు.

అలాగే నొక్కేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఎండలో ఉన్నవాళ్ళు కనిపిస్తారు. నీడలో ఉన్న కృష్ణప్రియ నల్లటి ముద్దలా వస్తుంది. నన్నెవరూ ఏమీ అనరు. సూది మధ్యలోనే ఉందంటాను. అది అబద్ధం కూడా కాదు. సూది లేని కెమెరా అయితే ఆ మాట అనడానికి ఉండదు, లెక్క వేసింది నేనే అవుతాను. ఆ రోజు నేను ఎంచుకున్నదానికి ఇన్నాళ్ళకు ఒక లాభం కనిపించింది.

వేలు బటన్ మీద పెట్టాను.

అప్పుడు ఆ ఫొటో కొత్త ఫ్లాటు గోడ మీద కనిపించింది నాకు. తాతయ్య కళ్ళజోడు పైకెత్తి, దగ్గరికి వంగి చూస్తున్నారు. కొడుకును చూడరు, కోడలిని చూడరు. ఆ నల్లటి మూలనే చూస్తారు. “అయ్యో, నా బుజ్జితల్లి సరిగ్గా పడలేదే” అని వచ్చినవాళ్ళందరికీ చూపిస్తారు. మొహం బాగా వస్తే ఒకసారి చూసి ఊరుకుంటారు. రాకపోతే రోజూ వెతుక్కుంటారు. ఆ వెతుకులాట కూడా తనకే దక్కుతుంది.

అది నేను భరించలేను.

“కృష్ణప్రియా, జెర ఇటు రా. నీ మీద నీడ పడ్తుంది” అని గట్టిగా అన్నాను.

నా గొంతు విని అందరూ ఆశ్చర్యపోయారు. తను రెండడుగులు జరిగి తాతయ్య పక్కకు వచ్చింది.

“అవును సుమా, నీడ నేను చూసుకోనే లేదు” అన్నారాయన. “సూది ఎంతంటోందమ్మా?”

“పదహారు.”

ఆయన గోడ వైపు, ఆకాశం వైపు చూశారు. తర్వాత నన్ను చూశారు.

“నువ్వెంతంటావు?”

మా ఊళ్ళో అయితే సూది మాటే నా మాట. ఇక్కడ పైన బూడిద రంగు ఆకాశం ఉంది. అదీ గాక తెల్లగోడ ముందు పెట్టినప్పుడల్లా నా సూది ఉన్నదానికంటే ఎక్కువ వెలుగుందంటుంది, అది ఇన్ని ఆదివారాలు ఒంటరిగా చూస్తూనే ఉన్నాను.

“పదకొండు, తాతయ్యా.”

“ఎందుకు?” అంది కృష్ణప్రియ.

“పొగ” అన్నాను. “గోడ గూడ తెల్లగుంది.”

తాతయ్య జీడిపప్పు కోసం జేబులో చెయ్యి పెట్టబోయి, ఫొటోకి నిలబడ్డానని గుర్తొచ్చి ఆగిపోయారు. “గోడ సంగతి నేను చెప్పలేదే!” అన్నారు. “సరే, పెట్టు మరి.”

చక్రం తిప్పాను. సూది మధ్యలోంచి పక్కకు పోయింది. పోనిచ్చాను. ఆయన నన్ను అడిగారు. ఇన్నాళ్ళు కోరుకున్నది అదే.

“కదలకుండ్రి” అన్నాను.

సరిగ్గా అప్పుడే ఆయన చెయ్యి చాపి కృష్ణప్రియను దగ్గరికి లాక్కున్నారు. తను ఆయన భుజానికి తల ఆనించింది. ఎండ తన మొహం నిండా పడింది. అక్కడ ఇంకొకరు నిలబడటానికి చోటుంది. నేను చెప్పిన అంకె మీద, ఆ ఇద్దరినీ చక్కగా మధ్యలో ఉంచి, ఊపిరి బిగబట్టి నొక్కాను.