లైట్‌హౌస్ పైనుంచి ఏం కనిపిస్తుంది

“మేడమీదావిడ తప్పు తలుపు దగ్గరికి వెళ్ళుంటుంది,” అన్నాడు భర్త, రొట్టె ముక్క టీలో ముంచుతూ. ఆ మాట అతను అనడం మూడోసారి.

“లైట్‌హౌస్‌కి ఎన్ని తలుపులుంటాయిరా?” అంది అత్తగారు.

“వెనక ఇంకోటి ఉంటుంది.”

“గుండ్రంగా ఉండేదానికి వెనకేమిటి నాన్నా?” అంది కూతురు.

భర్తకి జవాబు దొరికేలోపల రొట్టె ముక్క మెత్తబడి టీలో పడిపోయింది. చెంచాతో దాన్ని పైకి తీసే పనిలో పడ్డాడు. పొయ్యి దగ్గర గుడ్లు గిలక్కొడుతున్న కోడలు మాత్రం నిన్న సాయంత్రం నుంచీ ఈ గొడవలో ఒక్క మాట కూడా కలపలేదు. ఆ సంగతి ఇంకా ఎవరూ గమనించలేదు.

వాళ్ళది సముద్రం ఎదురుగా చిన్న లాడ్జి. మేడమీద గదులు, కింద వీళ్ళ కాపురం. వేసవిలో వచ్చేవాళ్ళకి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. తలుపు తీస్తే సముద్రం. తువ్వాలు భుజాన వేసుకుని పోతారు, ఒంటినిండా ఇసుకతో తిరిగొస్తారు, భర్త చేత చీవాట్లు తింటారు. చలికాలంలో వచ్చే ఒకరిద్దరితోనే తంటా. అప్పుడూ సముద్రం అక్కడే ఉంటుంది గానీ, దగ్గరికి పోతే చెంప మీద కొడుతుంది. రెండోరోజు పొద్దునకల్లా వాళ్ళు కిందికి దిగి, జేబుల్లో చేతులు పెట్టుకుని, “ఇక్కడ చూడ్డానికి ఏముందండీ?” అంటారు.

దానికి ఈ ఇంట్లో సమాధానం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది: లైట్‌హౌస్. దారి భర్త చెబుతాడు. పైకెక్కితే ఏం కనిపిస్తుందో అత్తగారు చెబుతుంది. “ఒకపక్క సముద్రం, ఒకపక్క ఏరొచ్చి కలిసే చోటు, కాస్త ఎండ కాసిందా, దూరాన దీవి!” అని చెయ్యి చాచి చూపిస్తుంటే, వినేవాళ్ళు గోడవైపు తిరిగి మరీ చూసేవారు. కోడలు గళ్ళ ఫ్లాస్కు నిండా టీ పోసిచ్చి, “పైన గాలెక్కువ, చెవులకి ఏదన్నా కట్టుకోండి,” అనేది. వెళ్ళినవాళ్ళంతా తిరిగొచ్చి, “చాలా బాగుందండీ,” అనేవారు.

ఈ వారం మేడమీద ఉన్నది ఒక్క పళ్ళ డాక్టరమ్మ. నాలుగు రోజులు ఎవరి నోట్లోకీ తొంగిచూడకుండా ఉందామని వచ్చింది. నిన్న ఆవిణ్ణీ అలాగే పంపారు. సాయంత్రం తిరిగొచ్చి ఫ్లాస్కు బల్లమీద పెట్టి, “తాళం వేసి ఉందండీ. చలికాలమంతా అంతేనట,” అంది. ఎక్కడ పుచ్చిందో మొహం మీదే చెప్పే వృత్తి కదా, ఆవిడకి మొహమాటం అలవాటు లేదు.

చలికాలమంతా. ఆ ఒక్క మాటే కోడలి చెవిలో ఉండిపోయింది.

ఆమె పెళ్ళయి ఈ ఊరు వచ్చిన రోజున బస్సు కిటికీలోంచి మొదట కనిపించింది సముద్రం కాదు, లైట్‌హౌసు. తెల్లగా, నిటారుగా, తనకోసమే నిలబడ్డట్టు అనిపించింది. “ఎక్కుదామా?” అని అడిగింది. “ఇప్పుడు సీజను కదా, చలికాలం రానీ, తీరిగ్గా వెళ్దాం,” అన్నాడు భర్త. చలికాలం వచ్చింది. గదులకి సున్నాలన్నాడు. తర్వాతి చలికాలం ఆమె కడుపుతో ఉంది. ఆ తర్వాత పిల్లకి జ్వరాలు, అత్తగారి మోకాలు, కారే మేడకప్పు. ఎప్పుడడిగినా అతను కాదనలేదు, విసుక్కోలేదు. “తప్పకుండా, ఈ చలికాలం,” అనేవాడు. ఆమె కూడా ఆ మాటని పెట్టె అడుగున కొత్త చీరలా దాచుకుంది. ఎప్పుడో ఒకప్పుడు కట్టుకోవచ్చులే అనుకుంది. తీరా చూస్తే ఇన్నేళ్ళూ వాయిదా పడుతోందనుకున్నది అసలు జరిగే పనే కాదన్నమాట.

గుడ్లు పెనం మీద పోసి, “వెళ్ళి చూసొద్దాం,” అంది.

ముగ్గురూ ఆమెవైపు తిరిగారు.

“ఏం చూస్తాం?” అన్నాడు భర్త.

“వెనక తలుపు.”

తానే అన్న మాట కాబట్టి భర్త కాదనలేకపోయాడు. అత్తగారు ఒంటికాలి మీద లేచింది. “నేనూ వస్తా. ఇన్నేళ్ళు చెప్పిన మాట అబద్ధమైపోతే నా పరువేం కాను?” అని రెండు స్వెట్టర్లు, వాటిమీద శాలువా, తలకి కొడుకు మఫ్లరు చుట్టుకుని, తాడేసి కట్టిన పరుపులా తయారై గుమ్మంలో నిలబడింది. కూతురు నవ్వుకోవడానికి బయల్దేరింది. చప్పుడు విని మేడ దిగొచ్చిన డాక్టరమ్మ, “నేనూ వస్తాను, అక్కడి టీ బావుంది,” అంది. తన ఫ్లాస్కు ఉండగా అక్కడి టీ ఏమిటో కోడలికి అర్థం కాలేదు. అయినా అలవాటు కొద్దీ ఫ్లాస్కు నింపి భుజాన తగిలించుకుంది. భర్త తలుపుకి ‘ఇప్పుడే వస్తాం’ అన్న అట్ట వేలాడదీశాడు. ఆ కాలంలో అది నెల్లాళ్ళు వేలాడినా అడిగే నాథుడు లేడు.

బీచి రోడ్డు మీద సగం దుకాణాలకి టార్పాలిన్లు కప్పి తాళ్ళు కట్టేశారు. ఐస్‌క్రీం అమ్మేవాడు అదే బండిమీద ఉన్ని మేజోళ్ళు అమ్ముతున్నాడు. బోల్తా వేసిన పడవల పక్కన చలి కాచుకుంటున్న పడవవాడు వీళ్ళని చూడగానే గబుక్కున లేచి నిలబడ్డాడు.

“ఏమైందండీ? ఎవరికి బాగాలేదు?”

“అందరం బాగానే ఉన్నాం,” అంది అత్తగారు.

“మరి అందరూ కలిసి ఎక్కడికండీ?”

“షికారుకి.”

పడవవాడు నమ్మలేదు. మలుపు దగ్గర టైలరు భార్య కూడా మేడ మీంచి వంగి, “అయ్యో, ఎవరండీ పోయింది?” అని కేకేసింది. ఈ కుటుంబం మొత్తం ఒకేసారి రోడ్డు మీద కనబడటం ఊరికి అంత అలవాటు లేని సంగతి.

ఇంతలో ఓ విసురుగాలి వచ్చి అత్తగారి శాలువా లాక్కుపోయింది. “ఒరేయ్, పట్టుకోరా!” అని ఆవిడ అరుస్తుంటే కొడుకు ఇసుకలోకి పరుగెత్తాడు. శాలువా కాస్త ఆగేది, అతను వంగగానే మళ్ళీ లేచేది. చివరికి దానిమీద పడుకుని పట్టుకున్నాడు. తిరిగొచ్చి చెప్పులు దులుపుకుంటూ, “ఛీ, ఒంటినిండా ఇసుక!” అన్నాడు.

“చూసుకుని నడవండి, గదుల్లోకి వస్తుంది,” అంది కూతురు, అచ్చం తండ్రి గొంతుతో.

లైట్‌హౌస్‌కి ఒక్కటే తలుపు. దానికి అత్తగారి పిడికిలంత తాళం. భర్త అయినా పట్టు వదల్లేదు. చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి బయల్దేరిన చోటికే వచ్చాడు. ఏమనుకున్నాడో, రెండోసారి అటువైపు నుంచి తిరిగాడు. అటునుంచీ అక్కడికే వచ్చాడు.

“దొరికిందా వెనక?” అంది అత్తగారు.

పక్కనున్న చిన్న గదిలోంచి వాచ్‌మన్ కళ్ళు చికిలించుకుంటూ వచ్చాడు. డాక్టరమ్మని చూసి నమస్కారం పెట్టాడు. తర్వాత కోడలి భుజం మీది ఫ్లాస్కు చూసి మొహమంతా నవ్వు చేసుకున్నాడు.

“మీరా అండీ లాడ్జివాళ్ళు! ఈ ఫ్లాస్కు నాకు బాగా తెలుసు. ప్రతి చలికాలం ఎవరో ఒకరి భుజానెక్కి వస్తుంది.”

“ప్రతి చలికాలమూ తాళమేనా?” అంది కోడలు.

“ఆహా. చలిగాలులు మొదలైతే వేస్తాం, ఎండలు ముదిరాక తీస్తాం. పైన మనిషి నిలబడలేడమ్మా. మా నాన్న ఇక్కడ వాచ్‌మన్‌గా ఉన్నప్పుడూ అంతే. పాపం, మీరు పంపినోళ్ళు అంత దూరం నడిచొస్తారు కదా, ఉత్తినే పంపడమెందుకని కూర్చోబెట్టి టీ ఇచ్చి, పెద్ద తుఫాను కథ చెబుతా. సంతోషంగా పోతారు.”

“మా టీ ఉండగా నీ టీ ఎందుకయ్యా?” అన్నాడు భర్త.

వాచ్‌మన్ కాస్త నసిగాడు. “మీ టీ నేను తాగేవాణ్ణండీ. వాళ్ళకి ఎక్కేది కాదు. చక్కెర తక్కువ.”

“నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నా,” అంది అత్తగారు, ఎట్టకేలకు ఈ లోకంలో ఒక సాక్షి దొరికినట్టు.

“మరి దీవి?” అంది డాక్టరమ్మ.

“దీవా? దీవెక్కడుందండీ? అదో ఇసుక దిబ్బ. పోటొస్తే అదీ ఉండదు.”

కూతురు నడుం మీద చేతులు పెట్టుకుంది. “నానమ్మా, నువ్వెక్కినప్పుడు దీవి చూశావా లేదా?”

“నేనెక్కానని ఎప్పుడన్నానే? కనిపిస్తుందన్నాను. మీ తాతయ్య చెప్పారు.”

“తాతయ్య ఎక్కారా?”

“ఆయన మంచం ఎక్కడానికే బద్ధకించేవారు. ఆయనకి ఎవరు చెప్పారో నాకేం తెలుసు?”

అందరి చూపులూ ఇప్పుడు భర్తమీద పడ్డాయి. చిన్నప్పుడు బడివాళ్ళు తీసుకెళ్తే ఎక్కానని అతను ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. 

“సగం ఎక్కాను,” అన్నాడు. “కళ్ళు తిరిగాయి. మాస్టారు చంకనేసుకుని దించారు.”

డాక్టరమ్మ నవ్వీ నవ్వీ గోడకి ఆనుకుంది. ఆ నవ్వులో అత్తగారూ కలిసింది. చివరికి భర్త కూడా నవ్వేశాడు. దీపం చూసుకోవడానికి రోజూ ఎక్కే మనిషి కాబట్టి తాళంచెవి వాచ్‌మన్ మొలకే ఉంది. ఇంత దూరం వచ్చారని తలుపు తీసి, “కింద నిలబడి చూడండి, అంతే,” అన్నాడు.

లోపల చల్లగా, తడి సున్నం వాసన. ఇనప మెట్లు గోడ వెంబడి చుట్టుకుంటూ పైకి వెళ్ళిపోయాయి. కూతురు “ఓయ్” అంటే పైనుంచి ఎవరో తీరిగ్గా “ఓయ్” అన్నారు. కోడలు తల వెనక్కి వాల్చి చూసింది. అంత పైన, రూపాయి బిళ్ళంత వెలుతురు. మెడ నొప్పెట్టినా ఆమె దించలేదు.

“ఒక్కసారి ఎక్కనివ్వరూ?” అంది. తన గొంతు తనకే చిన్నపిల్ల గొంతులా వినిపించి సిగ్గేసింది.

“ఉద్యోగం ఊడుతుందమ్మా. వేసవిలో రండి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తెరిచే ఉంచుతా.”

భర్త పెద్దగా నవ్వాడు. “వేసవిలోనా! బాగా చెప్పావయ్యా. వేసవిలో ఈవిడ వంటింటి గడప దాటిందంటే మా లాడ్జి మునిగిపోతుంది!”

అతను అది మెచ్చుకోలుగానే అన్నాడు. అంతకంటే మంచి మాట భార్య గురించి అతనికి తెలియదు. అత్తగారూ అవునన్నట్టు తలూపింది. అలవాటు కొద్దీ కోడలు కూడా నవ్వింది. అందరూ టీ కోసం బయటికి నడిచాక, మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. మెట్టు చిన్నగా కిర్రుమంది. వాచ్‌మన్ అటు చూడనట్టు గ్లాసులు కడుక్కుంటున్నాడు. ఆమె తనంతట తనే కాలు తీసేసింది. దొంగతనంగా ఒక మెట్టు ఎక్కడానికా ఇన్నేళ్ళు ఆగింది!

తిరిగొచ్చేటప్పుడు డాక్టరమ్మ కోడలి పక్కన నడిచింది.

“కోపం వచ్చిందా?”

“లేదండీ, కోపమేముంది?”

“పళ్ళు బిగబట్టి నడుస్తున్నారు. రోజూ ఇలాగే అయితే అరిగిపోతాయి.”

కోడలు దవడ సడలించుకుంది. నిజంగానే నొప్పిగా ఉంది.

సాయంత్రం అందరూ ఒకే బల్ల దగ్గర భోజనాలకి కూర్చున్నారు. చలికాలం ఒక్క అతిథి కోసం వేరే గది వెచ్చబెట్టడం దండగని డాక్టరమ్మకీ అక్కడే వడ్డిస్తారు. భర్త మంచి హుషారు మీదున్నాడు. వచ్చే చలికాలం అతిథులకి ఏం చెప్పాలో ఆలోచించేశాడు.

“లైట్‌హౌస్ అనొద్దు. ‘వాచ్‌మన్ టీ, తుఫాను కథ’ అందాం. అబద్ధం ఉండదు.”

“దీవి మాట?” అంది అత్తగారు దిగులుగా.

“దిబ్బ అను నానమ్మా.”

“దిబ్బ కోసం ఎవరు నడుస్తారే?”

కోడలు సూపు గిన్నె తెచ్చి బల్లమీద పెట్టింది. మామూలుగా అందరి భోజనాలూ అయ్యేదాకా నిలబడే ఉంటుంది. ఈసారి కుర్చీ లాక్కుని కూర్చుంది. గరిటె తీసి ముందు తన కప్పులో పోసుకుంది. 

“ఎండలు ముదిరి తాళం తీశాక, ఒకరోజు నేను లైట్‌హౌస్‌కి వెళ్తున్నాను,” అంది. ఉప్పు అందించమన్నంత మామూలుగా అంది. “పొద్దున టిఫిన్లకి ముందే బయల్దేరతాను. సాయంత్రం దాకా రాను.”

“అప్పుడు గదులన్నీ...” అన్నాడు భర్త.

“నిండుగా ఉంటాయి. ఆ రోజు దుప్పట్లు మీరు మారుస్తారు. టిఫిన్లు అమ్మాయి చూస్తుంది. అత్తయ్యగారు కౌంటరు దగ్గర కూర్చుంటారు. ఎక్కేటప్పుడు నాకూ కళ్ళు తిరిగితే, కాసేపు మెట్టుమీద కూర్చుని మళ్ళీ ఎక్కుతాను.”