మెత్తటి పికప్

"మెత్తగా మోగేది సూడు. టంగుమని గుచ్చుకునేది వొద్దు," అన్నాడు సింహాద్రి, ఇడ్లీ ముక్క చట్నీలో ముంచుతూ. మొగుడు గిటారు పికప్ సంగతే మాట్లాడుతున్నాడని జ్యోతిర్మయికి తెలుసు. మెత్తటిదే ఎందుకంటున్నాడో కూడా తెలుసు. మరిది వీరేంద్ర స్టేజీ చొక్కాకి ఊడిపోయిన చెమ్కీలు కుడుతూ ఊఁ కొట్టింది.

పికప్ అంటే గిటారు తీగల కింద బిగించే అయస్కాంతపు ముక్క. తీగ కదిలితే ఆ కదలికను పట్టుకుని స్పీకరుకి పంపుతుంది. జ్యోతిర్మయి గిటారుకి అలాంటివి రెండున్నాయి. మెడ వైపుది గుండ్రంగా, నిమ్మళంగా పలుకుతుంది. బ్రిడ్జి దగ్గరది, అంటే కింద తీగలు బిగిసే చోటుది, తేటగా, ఖంగుమని పలుకుతుంది. పాట మధ్యలో వచ్చే లీడ్ బిట్లన్నీ దాని మీదే వాయించాలి. సముద్రపు గాలికి అదే తుప్పు పట్టి, కొన్నాళ్లు కరకరలాడి, ఆఖరికి మూగబోయింది.

ఆ గిటారు ఆమె పుట్టింటిది. పోర్టులో పనిచేసిన వాళ్ల నాన్న శ్రీరామ్మూర్తి, ఓడ దిగిన ఎవరో నావికుడి దగ్గర ముచ్చటపడి కొని, కూతురికి తనే నేర్పాడు. ఆమె మేనత్త కొడుకు సింహాద్రికి ఆర్కెస్ట్రా ఉంది కదా, పిల్ల చేతిలో విద్య వృథా పోదని మురిసిపోయి పెళ్లి చేశాడు. పోలేదు మరి! లీడ్ గిటారంతా ఆమె చేతి మీదే నడుస్తోంది. కాకపోతే స్టేజీ మీద ఎర్ర గిటారు తగిలించుకుని, జుట్టు ఎగరేస్తూ ఊగేది వీరేంద్ర. అతని గిటారు వైరు ఎక్కడికీ పోదు. జ్యోతిర్మయి స్పీకరు బాక్సుల వెనక, ప్లాస్టిక్ కుర్చీలో, జనానికి కనపడకుండా కూర్చుని వాయిస్తుంది.

పెళ్లయిన కొత్తలో ముందుకొచ్చి వాయిస్తానని ఆమె అడక్కపోలేదు. "ఇంటి కోడలు గిటారు తగిలించుకొని నలుగుర్లో ఊగితే, రేపు మా సిన్నోడికి పిల్లనెవులిత్తారే?" అంది అత్త సూర్యకాంతమ్మ. సొంత మేనత్తే, పరాయిది కాదు. పేరైనా డబ్బైనా అంతా ఇంటికే కదా వచ్చేది అన్నాడు సింహాద్రి. నిజమే, ఇంటికే వచ్చాయి. పేరు వీరేంద్రకి వచ్చింది, డబ్బు సింహాద్రి జేబులోకి వచ్చింది. ప్రోగ్రాం రోజున పార్టీ మొత్తానికీ పులిహోర కలపడం, తిరిగొచ్చాక చెమట చొక్కాలు నానబెట్టి ఉతకడం జ్యోతిర్మయికి వచ్చాయి.

అవన్నీ ఒక ఎత్తు, ఆమెను లోలోపల కాల్చేది ఒక ఎత్తు. లోకంలో ఎక్కడైనా వాయించేవాళ్లను బట్టి ఆడేవాడు ఆడాలి. ఇక్కడ ఆడేవాణ్ని బట్టి ఆమె వాయించాలి. వీరేంద్రకి తాళం నిలవదు. అందుకని ఆమే బాక్సుల సందులోంచి అతని భుజం కనిపెట్టుకుని, ఆ భుజం దిగినప్పుడల్లా మీటాలి. వేళ్లు పరిగెత్తబోయిన చోట వాటిని వెనక్కి లాక్కోవాలి. మొన్న ఎలమంచిలి తీర్థంలో జాతర జనం ముందు పాట మధ్యలో వీరేంద్ర గిటారు తీగ ఒకటి టప్పున తెగి వేలాడింది. బాక్సుల వెనకున్న మనిషికి ఆ భుజం తప్ప ఏం కనపడుతుంది? బిట్టు సాగిపోతూనే ఉంది. ముందు వరసలో ఎవడో లేచి, "తీగ తెగినా పాట ఆగలేదేట్రా?" అని అరిచాడు. జనం గొల్లుమన్నారు. ఇంటికొచ్చాక తిట్లు తిన్నదెవరు? జ్యోతిర్మయే. "ముందేటవుతందో సూసుకోవా? ఆపీవాలని తెల్దా?" అని సింహాద్రి ఎగిరాడు. చెయ్యని తప్పుకి ఆమె ఆ పూట అన్నం ముట్టలేదు. అన్నదమ్ములిద్దరూ మాత్రం మారు వడ్డించుకుని తిన్నారు.

అందుకొచ్చింది ఈ మెత్తటి పికప్. మీటుకీ మీటుకీ మధ్య తేడా చెరిగిపోయి సౌండంతా ముద్దగా కలిసిపోతే, ముందున్నవాడి చెయ్యి ఎప్పుడు ఆడినా ఎవరూ పట్టుకోలేరు. పైగా మర్నాడే స్టీల్ ప్లాంటు టౌన్‌షిప్‌లో వినాయక చవితి ప్రోగ్రాం. కేబుల్ టీవీ వాళ్లు కెమెరా తెచ్చి దగ్గర్నుంచి తీస్తారట. ఏది ఎంత మెత్తగా ఉందో తేల్చాలంటే సింహాద్రికి పెళ్లాం చెవి కావాలి. చెవి కావాలి, చెయ్యి కావాలి, మొహం మాత్రం అక్కర్లేదు. ఎంత బాగుందమ్మా న్యాయం అనుకుంటూ ఆమె దారం కొరికి, చొక్కా మడిచి, చీర మార్చుకుని, గిటారు తీసుకుని అన్నదమ్ముల వెంట బయల్దేరింది.

ద్వారకా నగర్‌లో వాయిద్యాల షాపు ఓనరు సాయిశంకర్ వీరేంద్రను చూడగానే లేచి కుర్చీ వేశాడు. రెండు రకాల పికప్‌లున్నాయని, అవి బిగించిన గిటార్లు రెండూ వాయించి చూసుకోమని, మొదటిది అతని చేతికే అందించబోయాడు. వీరేంద్ర వేలికి దెబ్బ తగిలిందన్నాడు. దెబ్బా లేదు, పాడూ లేదు. "మా ఇంటిది ఊరికే మీటతాదిలెండి," అని సింహాద్రి గిటారు అందుకుని ఆమెకిచ్చాడు. ఉత్త తీగలు మీటితే చాలని, బిట్లూ గిట్లూ ఎత్తుకోవద్దని చెవిలో చెప్పాడు.

మొదటిది దుప్పటి ముసుగులోంచి మాట్లాడినట్టు పలికింది. ఇదే కావాలని సింహాద్రి వెంటనే అనేశాడు. అయినా సాయిశంకర్ రెండోది కూడా చేతికిచ్చాడు. ఇది వేలు తప్పినా దాచదండి, చేతి మీద నమ్మకం ఉన్నవాళ్లే తీసుకుంటారు అని చెప్పాడు.

ఆమె ఒక్క తీగ మీటింది. మూగబోకముందు తన గిటారు పలికినట్టే పలికింది. ఇంకోటి మీటింది. ఆ తర్వాత ఎలమంచిలిలో నవ్వులపాలైన బిట్టునే మొదట్నుంచీ ఎత్తుకుంది. ఎదురుగా ఎవరి భుజమూ లేదు. వేళ్లు వాటి వేగంలో అవి పోయాయి. ఇన్నేళ్లూ తన చేతిని తనే ఎంతగా తొక్కిపెట్టిందో తెలిసొచ్చి ఆమెకు ఏడుపొచ్చింది, దాని వెనకే ఒళ్లు మండుకొచ్చింది. నాన్న అంత ఓపిగ్గా నేర్పింది వీడి భుజం వెనక నడవడానికా? షాపు ముందు పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. బిట్టు పూర్తయ్యేదాకా ఆమె తలెత్తలేదు.

సాయిశంకర్ గొంతు సవరించుకున్నాడు. "ఈ బిట్టు నేను ఎలమంచిలి తీర్థంలో విన్నానమ్మా," అన్నాడు. వీరేంద్ర గోడకి వేలాడుతున్న పిల్లనగ్రోవుల వైపు తిరిగి నిలబడ్డాడు. ఏది బిగించమంటారని సాయిశంకర్ ఈసారి ఆమెనే అడిగాడు.

మొదటిదేనని సింహాద్రి అడ్డం వచ్చాడు. ఆమె తన చేతిలో ఉన్నదాన్ని చూపించింది.

సింహాద్రి ఆమె చెవి దగ్గరికి వంగి, "నీకు మతి గాని పోనాదేటి? అది బిగిత్తే రేపు కెమెరా ముందు అందరికీ తెలిసిపోతాది," అన్నాడు.

జ్యోతిర్మయి గొంతు తగ్గించలేదు.

"రేపు నాను ఎవులి బుజమూ సూసి వాయించను బావా," అంది, షాపంతా వినేలా. "తెలవాలనే ఇది తీసుకుంతన్నాను."