మూరెడు దూరంలో ఒడ్డు

నేను ఒక పటాన్ని. గోడకు తగిలించే దేవుడి పటాన్ని కాదు. చాపలా చుట్టి చంకన పెట్టుకుపోయే, విప్పితే వీధి ఆ చివరిదాకా పరుచుకునే గుడ్డ పటాన్ని. కాస్త గొప్పలు చెప్పుకుంటున్నాను, ఏమీ అనుకోకండి. చింతగింజల గంజి, సుద్ద పట్టించి, ఎర్రరంగు మీద నేతవాళ్ళ కులకథ మొత్తం నా ఒంటినిండా గీశారు. కళ్ళు మాత్రం చివరన దిద్దారు. ఆ రోజే నాకు చూపు వచ్చింది.

నన్ను ఊరూరా తిప్పినవాడు మొండయ్య. రెండు గుంజల మధ్య నన్ను వేలాడదీసి, ఒక్కో బొమ్మనూ కర్రతో చూపిస్తూ కథ చెప్పేవాడు. భార్య ఓదెమ్మది వంత. "అప్పుడేమాయె?" అని ఆమె అడగాలి, ఆయన చెప్పాలి. ఆమె అడగనిదే ఆయనకు నోరు పెగిలేది కాదు.

కథలో ఒకచోట, తామరతూళ్ళ కోసం ఏట్లో దిగిన పిల్లవాడు వరదలో కొట్టుకుపోతాడు. తర్వాతి బొమ్మలో తల్లి మగ్గం మీది నూలు విసిరి వాణ్ణి ఒడ్డుకు లాగుతుంది. ఓసారి సరిగ్గా వరద బొమ్మ దగ్గరే వాన దంచికొట్టింది. జనం చూరుల కిందకు పరిగెత్తారు. కథ ఆపమని ఎవరో కేకేస్తే మొండయ్య కదల్లేదు.

"పిలగాడు నీళ్లల్ల ఉన్నడు. ఒడ్డుకెక్కియ్యకుంట ఎట్ల ఆపుత?" అన్నాడు. తన గొంగడి నాకు కప్పి, తాను తడుస్తూ కథ నడిపించాడు.

తర్వాత మగ్గాలు మూలపడ్డాయి. వినేవాళ్ళు మరమగ్గాల పనికి భివండి బస్సెక్కారు. మొండయ్య పోయాడు. పని తీరిన పటానికి పసుపు కుంకుమ పెట్టి ఏట్లో వదలడం మాలో ఆచారం. ఓదెమ్మ అందుకు సిద్ధమైంది కూడా. ఇంతలో పట్నం నుంచి మ్యూజియం వాళ్ళు వచ్చి, ఇంత గొప్ప కళను నీళ్ళపాలు చేస్తారా అన్నారు. ఆమె నన్ను రెండు చేతులా అందించింది.

ఇప్పుడు అద్దాల పెట్టెలో ఉన్నాను. చెదపురుగు కూడా పలకరించదు. అన్నిటికన్నా అందంగా ఉందని వరద బొమ్మ దగ్గర విప్పి బిగించేశారు. మిగతా కథంతా అటూ ఇటూ చుట్టలుగా చుట్టేసే ఉంది. మునిగిపోతున్న పిల్లవాడి పక్కన నిలబడి జనం నవ్వుతూ సెల్ఫీలు దిగుతారు. వాళ్ళ తప్పేం లేదు, వాడు మునుగుతున్నాడని చెప్పేవాళ్ళు లేరు. ఎత్తిన ఆ చిన్న చెయ్యి ఏళ్ళ తరబడి నాకు బరువుగా ఉంది. చూసేవాళ్ళకు కొదవ లేదు, అడిగేవాళ్ళే లేరు.

మొన్న జానపద కళల వారోత్సవమట. శాలువా కప్పడానికి ఓదెమ్మను పిలిపించారు. ఆమె నా ముందుకొచ్చి ఆగిపోయింది.

"సారూ, ఒక్క మూరెడు తిప్పుండ్రి. పిలగాడు ఒడ్డుకు పడ్తడు."

"ముట్టుకుంటే రంగు రాలిపోతుందమ్మా. మీ కళ కోసమేగా ఇంత జాగ్రత్త," అన్నాడు ఆఫీసరు, మర్యాదగానే.

ఆమె అద్దానికి అరచెయ్యి ఆనించి, పాత వరసలో మెల్లగా అందుకుంది. "అప్పుడేమాయె? తల్లేం జేసె?" ఆమెకు వచ్చింది అడగడమే. అడిగి, మొండయ్య బదులు చెప్పేంతసేపూ అలవాటుగా ఆగింది. మళ్ళీ అడిగింది. మైకులో ఆమె పేరు పిలిచారు. ఇంకొక్కసారి అడిగి, వెళ్ళింది.

జవాబు నా దగ్గరే ఉంది. మూరెడు దూరంలో, చుట్ట లోపలి చీకట్లో, తల్లి నూలు పట్టుకుని నిలబడే ఉంది. నాకు కళ్ళు దిద్దారు గానీ, గొంతు పెట్టలేదు.