లాకు గోడ పక్కన గాలం

చేపలు పడితే పరువు పోతుందట. ఎవరి పరువో ముందు చెప్పమనండి.

2021 మార్చి. ఐర్లాండ్ అంతా మూతపడి ఉంది. ఇంటి నుంచి అయిదు కిలోమీటర్లు దాటితే గార్డులు ఆపుతారు. ఇక్కడ పోలీసుల్ని గార్డులంటారు. నేను గిన్నెలు కడిగే హోటల్‌కి తాళం పడింది. యూనివర్సిటీ లాప్‌టాప్‌లోకి దూరిపోయింది. లీక్స్‌లిప్ అనే చిన్న ఊళ్ళో నలుగురు ఆడపిల్లలం ఉండే ఇంటికి పది నిమిషాల నడకలో ఒక కాలువ, దాని మీద పడవలు దాటించే తలుపుల లాకు. లాకు అంటే ఏమిటో మన డెల్టా వాళ్ళకి చెప్పక్కర్లేదు. నేను కొల్లేటి పిల్లని. మా నాన్న బ్రహ్మయ్య నీళ్ళ మీదే బతుకుతాడు. పక్కనే నీళ్ళున్నాయని తెలిశాక గదిలో గోడలు చూస్తూ కూర్చునే రకం కాదు నేను.

నా గాలం మా నాన్న గాలం లాంటిది కాదు. ఆయన వానపాము గుచ్చి, బెండు కట్టి, బీడీ ముట్టించి కూర్చునేవాడు. ఇక్కడ నేను పట్టుకున్నది జిగ్. బఠాణీ గింజంత సీసపు గుండు, గుండుకి గాలం, గాలానికి తొడిగిన రబ్బరు తోక. వానపాము లేదు, పిండి లేదు. చేపని నమ్మించాల్సింది నీ చెయ్యే. నాకెవరూ నేర్పలేదు. మూడు వారాలు ఒట్టి సంచితో ఇంటికెళ్ళి నేర్చుకున్నాను. ఎండ కాసిన రోజున దూరంగా విసిరి, అడుగున గంతులేయిస్తూ లాక్కోవాలి. చేప పైపైన తిరుగుతుంటే జిగ్‌కి కూడా బెండు కట్టి నీళ్ళ మధ్యలో వేలాడదీయాలి. చలి ముదిరితే మాత్రం లాకు గోడ పక్కనే నిలువుగా దించి, అడుగుకి జానెడు పైన ఆపి, ఊపిరి బిగబట్టాలి. కదిపావా, పోయింది. చలిలో పెర్చ్ దేని వెంటా పడదు. ముక్కు ముందు పెడితే మింగుతుంది. పెర్చ్ ఒంటి మీద చారలు, వీపు మీద ముళ్ళు. మన కొల్లేటి గొరక చేపకి దొరసాని చుట్టం అనుకోండి. పులుసుకి మాత్రం ఏం తీసిపోదు.

రూలు కూడా నేర్చుకున్నాను. రోజుకి నాలుగు. ఇరవై అయిదు సెంటీమీటర్లు దాటినదాన్ని నీళ్ళలో వదిలెయ్యాలి. గాలపు రాడ్ పిడి మీద ఆ కొలతకి కత్తితో గీత గీసి పెట్టుకున్నాను. గీత దాటిన చేపని తిరిగి వదలడం మా వంశంలో ఎవరూ చెయ్యని పని. నేను చేశాను. నాలుగు ఏనాడూ దాటలేదు.

ఒక శుక్రవారం పొద్దున చేపల శాఖ ఆఫీసరమ్మ వచ్చింది. ఆకుపచ్చ కోటు, మాస్కు, చేతిలో పుస్తకం. ఫిర్యాదు వచ్చిందని చెప్పింది. ఒక ఇండియన్ అమ్మాయి సంచులకొద్దీ చేపలు మోసుకుపోతోందట. ఫోన్‌లో ఫోటో చూపించింది. వెనక నుంచి తీసిన ఫోటో. నా ఎర్ర టోపీ, నా జడ.

"రోజుకి నాలుగు కంటే ఎక్కువ ఎప్పుడూ తీసుకెళ్ళలేదు కదా?" అని ఇంగ్లీషులో అడిగింది.

"యెస్," అన్నాను.

ఆవిడ పుస్తకంలోంచి తలెత్తింది. "యెస్?"

"యెస్ యెస్."

"అంటే తీసుకెళ్ళావన్నమాట."

"నో! యెస్! నో!"

నేను ఊళ్ళో ఉంటే ఏమనేదాన్ని? "అవునండీ, తీసుకెళ్ళలేదు," అనేదాన్ని. ఆ అవును అడిగినవాళ్ళ మాటకి. "మీరన్నది నిజమే" అని. ఇంగ్లీషు వాళ్ళకి ఆ అవును నేరం ఒప్పుకోవడం. పాతికేళ్ళ నోరు ఒక్క పొద్దులో మారుతుందా?

ఆవిడ నా సంచి వెతికింది. మూడు పెర్చ్‌లు, ఒక అన్నం డబ్బా. అయినా పేరు రాసుకుంది. యోగిత. ఇంటి అడ్రసు. మళ్ళీ ఫిర్యాదు వస్తే రాడ్ తీసుకుపోతామనీ, విషయం కోర్టుకి వెళ్ళచ్చనీ చెప్పి వెళ్ళిపోయింది. జూన్‌లో నా స్టూడెంట్ పర్మిషన్ రెన్యువల్. కోర్టు కాగితం ఉన్నదాన్ని ఈ దేశంలో ఉండనిస్తారా? పడితే మూడు చేపలు. పోతే నా చదువు.

ఇంటికొచ్చి మైథిలికి చెప్పాను. నా గదిలోనే ఉంటుంది, కరీంనగర్ పిల్ల.

"ఆమె అడిగితె ఏం చెప్పినవే?"

"యెస్ అన్నాను."

"ఓ నీ బొంద! లేదు అనేకాడ నో అనాలె. వాళ్ళు ఎట్ల తిప్పి అడిగినా సరే. తీసుకపోలేదు, నో. తినలేదు, నో. సరే చెప్పు, నువ్వు పిచ్చిదానివి కాదు గదా?"

"అవు... నో."

"పాసైనవ్. ఇగ ఇది సూడు." ఫోన్ నా మొహం ముందు పెట్టింది.

తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపు. అదే ఫోటో, అదే ఎర్ర టోపీ. పెట్టినవాడు జనార్దనరావు. సంఘం సెక్రటరీ. పదహారేళ్ళుగా బ్లాంచర్డ్స్‌టౌన్‌లో కాపురం, సాఫ్ట్‌వేర్‌లో మేనేజరు. అంకుల్ అని పిలవకపోతే అలిగే మనిషి. ఫోటో కింద రాశాడు: "మనం ఇక్కడ ఎంతో కష్టపడి సంపాదించుకున్న మర్యాదని ఇలాంటివాళ్ళు కాలువ గట్టున కడిగేస్తున్నారు." దానికి నలభై మూడు దణ్ణాల బొమ్మలు.

నేను వాయిస్ పెట్టాను. "జనార్దనరావు గారూ, వెనకనుంచి ఫోటో తీసి ఊరంతా పంచడం మర్యాదాండీ? రూలు ప్రకారం నాలుగే పట్టాను. మీకేం పోయింది?"

అయిదు నిమిషాల్లో జవాబు. "ఫిర్యాదు చేసింది నేనేనమ్మా. దాచుకోవాల్సిన పని లేదు. ఇక్కడికి చదువుకోవడానికి వచ్చావా, కులవృత్తి చేసుకోవడానికి వచ్చావా? ఆదివారం నేనే వస్తాను. ఆఫీసర్ని కూడా రప్పిస్తాను. అక్కడే తేలిపోతుంది."

కులవృత్తి! ఆ మాటకీ దణ్ణాల బొమ్మలే పడ్డాయి.

మైథిలి వేళ్ళు లెక్కపెట్టింది. "బ్లాంచర్డ్స్‌టౌన్ నుంచి లీక్స్‌లిప్ అయిదు కిలోమీటర్లేనా?"

"డబుల్ ఉంటుంది."

"మరి ఆయనెట్ల వస్తుండే?"

ఎలా వస్తున్నాడంటే, కాలువ గట్టు మీద వాకింగ్ బాగుంటుందని కారేసుకుని వస్తున్నాడు. రూలు మాకు. గట్టు మీద గాలి ఆయనకి.

ఆదివారం మంచు పట్టింది. నీళ్ళు పొగలు కక్కుతున్నాయి. గంతులూ పనికిరావు, బెండూ పనికిరాదు. గోడ పక్కనే జిగ్ దించి పట్టుకున్నాను. పది గంటలకి పల్చగా ఎండ పొడిచింది, మూడు చేపలయ్యాయి. నాలుగోదాని కోసం దించానో లేదో వెనక బూట్ల చప్పుడు.

"ఇంకా సిగ్గు రాలేదన్నమాట," అన్నాడు జనార్దనరావు. ఫోన్ ఎత్తి వీడియో తీస్తున్నాడు.

"కొంచెం పక్కకి నిలబడండి. మీ నీడ నీళ్ళ మీద పడుతోంది."

"నా నీడ గురించి నీకెందుకు? నీ తల్లిదండ్రులకి తెలుసా నువ్విక్కడ ఏం వెలగబెడుతున్నావో?"

"మా నాన్నకి రోజూ వీడియో పంపుతాను. జిగ్ ఎందుకు కదపవే అని తిడతాడు. మీకంటే ఆయనే నయం, పని గురించి తిడతాడు."

"నోరు చూడు! మా ఆవిడ చాముండేశ్వరి అంది, ఇలాంటివాళ్ళని ఉగాది ఫంక్షన్‌కి రానివ్వద్దని."

"మీరు ఉగాది కూడా జూమ్‌లో చేస్తున్నారుగా అంకుల్. వాసన రాదులెండి, కంగారుపడకండి."

రాడ్ కొస వంగింది. నేను లాగాను. పెద్దది. చారలు మెరుస్తున్నాయి. పిడి మీద గీతకి ఆనించాను. గీత దాటింది. ఆయన వీడియో తీస్తుండగానే గాలం ఊడదీసి నీళ్ళలో వదిలాను.

"ఎందుకు వదిలావు?" అన్నాడు. నిజంగానే తెలియక అడిగాడు.

"రూలు. చదువుకోండి."

అప్పుడే ఆఫీసరమ్మ వచ్చింది. పక్కన ఒక గార్డు. వంతెన దగ్గర కార్లు ఆపే డ్యూటీలో ఉన్నాడట, తోడు తెచ్చుకుంది. రాడ్ పిడి గట్టిగా పట్టుకున్నాను.

"ఈరోజు నాలుగు దాటలేదు కదా?" ఆఫీసరమ్మ ఇంగ్లీషులో అడిగింది.

అవును అనడానికి నాలుక లేచింది. పళ్ళ మధ్య నొక్కిపెట్టాను.

"నో," అన్నాను. "నాలుగు దాటలేదు. మూడే. ఎప్పుడూ దాటలేదు. మీరడిగిన రోజున కూడా జవాబు నో."

ఆవిడ సంచి తెరిచింది. మూడు. కొలిచింది. మూడూ చిన్నవే.

గార్డు ఈలోగా జనార్దనరావు వైపు తిరిగాడు. ఊరికే, మాట కలిపినట్టు అడిగాడు. "సార్, మీరు అయిదు కిలోమీటర్ల అవతల నుంచి రాలేదు కదా?"

"యెస్, యెస్," అన్నాడు జనార్దనరావు, నవ్వుతూ.

గార్డు మొహంలో నవ్వు పోయింది. "వచ్చారా?"

"యెస్! ఐ మీన్, రాలేదు, యెస్!"

పదహారేళ్ళు. మేనేజరు. నోట్లోంచి వచ్చింది మా ఊరి అవునే.

చెవులు ఎర్రబడి నా వైపు తిరిగాడు. "అమ్మా యోగితా, చెప్పమ్మా వీళ్ళకి. మన భాషలో యెస్ అంటే లేదని అర్థమని చెప్పు. నువ్వు తెలుగుదానివి కదా!"

"చెప్తానండీ. ఏమని చెప్పాలి? అబద్ధం ఆడబోయి నిజం చెప్పేశారని చెప్పాలా?"

"ఆ పిల్ల ఏమంటోంది?" అని గార్డు అడిగాడు. అదేం లేదన్నట్టు జనార్దనరావు చెయ్యి ఊపాడు. గార్డు నన్నే అడిగాడు: "ఈయన ఈ చుట్టుపక్కల మనిషి కాదా?"

"నో," అన్నాను. ఎక్కడా తడబడకుండా.

గార్డు ఆయన డ్రైవింగ్ లైసెన్సు అడిగాడు. అందులో బ్లాంచర్డ్స్‌టౌన్ అడ్రసు. ఫైన్ కాగితం రాస్తుంటే జనార్దనరావు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. వీడియో ఆపడం మర్చిపోయాడేమో, జేబులోంచి వెలుగు కనిపిస్తూనే ఉంది.

ఆఫీసరమ్మ వెళ్ళబోయింది. నేను అడ్డం నిలబడ్డాను.

"నా పేరు మీ పుస్తకంలో ఉంది. కొట్టెయ్యండి."

"కొట్టెయ్యడం కుదరదు. రాసింది రాసిందే."

"అయితే దాని కింద ఈరోజుది కూడా రాయండి. మూడు చేపలు, కొలత సరిపోయింది, తప్పు లేదు అని. నేను చూస్తుండగా రాయండి."

ఆవిడ పుస్తకం తెరిచింది. మంచులో ఆవిడ పెన్ను రాయలేదు. విదిలించింది, నోటితో ఊదింది. నేను కదల్లేదు. చివరికి గార్డు పెన్ను తీసుకుని రాసింది. చదివి వినిపించమన్నాను. వినిపించింది. ఫోటో తీసుకున్నాను, జూన్‌లో కావాలి.

వాళ్ళు వెళ్ళారు. సాయంత్రంలోగా నన్ను గ్రూపులోంచి తీసేస్తారని తెలుసు. తీసేశారు కూడా.

అప్పటికి మాత్రం పదకొండు కూడా కాలేదు. ఇంకొకటి పట్టే హక్కుంది నాకు. గోడ పక్కన జిగ్ దించి, జానెడు పైన ఆపి, కదపకుండా నిలబడ్డాను.