జవాబు తీసేసిన పేజీ

“కాఫీలో పంచదార మర్చిపోయావా, వెయ్యడమే మానేశావా?” అన్నాడు ఓంకార్, గ్లాసు బల్లమీద టక్కున పెడుతూ.

“సరేలెండి, రేపట్నుంచి చూస్తా” అంది యామిని.

జగ్గయ్యపేటలో వాళ్ళది పప్పుదినుసుల హోల్‌సేల్ కొట్టు. వంటా వార్పూ అయ్యాక కొట్టు వెనక గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని బిల్లులన్నీ ఆవిడే కొట్టాలి. జీతమా? “ఇంట్లో మనిషికి జీతమేంటి, నవ్విపోతారు” అన్నాడు ఓంకార్ ఒకసారి. నవ్వింది మాత్రం అతనొక్కడే.

ఆ కంప్యూటర్లో నోట్సు రాసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. బిల్లులయ్యాక ఆ రోజు జరిగింది అందులో రాసుకునేది. రాయగా రాయగా విసుగొచ్చింది. రోజూ అవే మాటలైతే రోజూ కొట్టడమెందుకని ఒక టెంప్లేట్ చేసుకుంది. పొద్దున్నే కొత్త పేజీ తెరిస్తే చాలు, ఓంకార్ పంచదార మాట, అత్తగారు బాలామణి “కంప్యూటర్ ముందు కూర్చుంటే పొయ్యిమీద పాలెవరు చూస్తారమ్మా” అనడం, చివర తన “సరేలెండి” వాటంతటవే వచ్చి కూర్చునేవి. తారీకు ఒక్కటే మారేది. భలే పని తప్పిందనుకుని నవ్వుకుంది కూడా.

ఇంతలో నందిగామలో కంప్యూటర్ సెంటర్ నడిపే ప్రమీలారాణి కబురు చేసింది. ఇదే సాఫ్ట్‌వేర్ పిల్లలకి నేర్పాలి, జీతం ఇస్తాను, సోమవారం వచ్చి చేరమంది. యామినికి ప్రాణం లేచొచ్చింది. ఇక ఇంట్లో చెప్పడమే మిగిలింది.

పాఠానికి పనికొస్తుందని ఆ పేజీలన్నీ ఒకే టెక్స్ట్ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి చదివింది. చదువుతుంటే ఒకటి తట్టింది. పేజీ తెరిచేది పొద్దున్నే కదా, ఆ మాటలు అనేదేమో సాయంత్రం! ఒక్క అక్షరం తేడా లేకుండా, అదే వరసలో ఎలా అంటున్నారు? ఓంకార్ బెజవాడ వెళ్ళిన రోజు సంగతి గుర్తొచ్చింది. ఫోన్ చేసి మరీ పంచదార మాట అన్నాడు. అతని చేతిలో ఉన్నది హోటల్ కాఫీ.

చూద్దామని ఆ సాయంత్రం చెంచా నిలబడేంత పంచదార పోసింది. అతను తాగాడు. “కాఫీలో పంచదార మర్చిపోయావా, వెయ్యడమే మానేశావా?” అన్నాడు. నందిగామ సంగతి చెబుదామని యామిని నోరు తెరిచింది. “సరేలెండి, రేపట్నుంచి చూస్తా” అనే మాటే బయటికొచ్చింది.

వాళ్ళ మాటలు వాళ్ళ ఖర్మ, నా నోట్లో ఈ మాట పెట్టిందెవరు? ఎవరో ఏంటి, నేనే. నా చేతుల్తో నేనే కొట్టి పెట్టుకున్నా. అది తలుచుకుంటే భయానికి మించి ఏడుపొచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం టెంప్లేట్ తెరిచి, వాళ్ళ మాటల జోలికి పోకుండా తన జవాబు ఒక్కటే తీసేసి, ఆ రోజు పేజీ మళ్ళీ కొత్తగా తెరిచింది.

సాయంత్రం ఓంకార్ పంచదార మాట అన్నాడు. బాలామణి పాల మాట అంది. యామిని నోరు విప్పలేదు.

ఓంకార్ మళ్ళీ అన్నాడు, అదే గొంతుతో. ఆవిడా మళ్ళీ అంది. ఇద్దరూ రెప్ప వెయ్యకుండా తనవైపే చూస్తున్నారు. మూడోసారికి ఓంకార్ గొంతు సన్నబడిపోయింది. “కాఫీలో పంచదార...” అంటూ బతిమాలుతున్నట్టే ఉంది. పాపం అనిపించింది. ఒక్కమాట అనేస్తే అందరూ లేచి అన్నాలకి కూర్చుంటారు కదా. “సరే” నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగపట్టి మింగేసింది.

“రేప్పొద్దున బస్సుకి నందిగామ వెళ్తున్నానండీ. అక్కడ ఉద్యోగంలో చేరుతున్నా” అంది.

ఓంకార్ యామిని మొహంలోకి చూసి, “ఏమన్నావు?” అన్నాడు.

పెళ్ళయ్యాక జవాబు కోసం అతను అడిగిన మొదటి ప్రశ్న అది. యామిని మళ్ళీ చెప్పింది.