చూడని నాలుగు అంకెలు

గ్రహణం నాడు విశాఖపట్నంలో పిట్ట తిరగలేదు. మధ్యాహ్నం రెండు కాకుండానే కొట్లు మూసేశారు. ఇళ్లలో బిందెల మీద దర్భలు పడ్డాయి. గర్భిణుల్ని గదుల్లో పెట్టి తలుపులేశారు. యూనివర్సిటీలో ఆకాశం మీద పరిశోధన చేసేవాళ్ల లాబ్‌లో మాత్రం పెళ్లివారి విడిదిలా ఒకటే హడావుడి. 1980 ఫిబ్రవరి మాట ఇది.

పాత ఊళ్లో గడియారాలు బాగుచేసే అబ్దుల్ హమీద్ కూతురు రషీదా అప్పుడు ఎమ్మెస్సీ రెండో ఏడు చదువుతోంది. లాబ్‌కి వచ్చి రెండు నెలలైంది. అక్కడి యంత్రం పైకి రేడియో తరంగాలు పంపుతుంది. ఎంతో ఎత్తున గాలి విద్యుత్తుతో నిండిన పొర ఒకటుంది. దాన్ని తాకి తిరిగొచ్చిన తరంగాలు ఫిల్ము మీద సన్నటి గీతలుగా పడతాయి. గీత ఎక్కడ తెగిందో చూసి అంకె రాస్తే, ఆ వేళకి ఆ పొర ఎంత చిక్కగా ఉందో తెలుస్తుంది. సూర్యుడు మరుగైతే పొర పలచబడుతుంది. ఎంత, ఎప్పుడు అన్నదే వాళ్లందరి తపన.

ప్రొఫెసర్ సీతారామాంజనేయులు గారికి ఒక పద్ధతి ఉండేది. కొత్త విద్యార్థుల్ని పేరు, ఊరు చెప్పి ఎవరికీ పరిచయం చేసేవారు కాదు. ఒక రోజు ఫిల్ము చేతికిచ్చి, చదివి అంకెలు కాగితం మీద రాయమనేవారు. బయటి ఊళ్ల సైంటిస్టులు వచ్చినప్పుడు ఆ కాగితం బల్ల మీద పరిచి, "ఇది ఈ అమ్మాయి చదివింది" అనేవారు. అదే పరిచయం.

ఆ ఏడు జూన్‌లో రీసెర్చికి ఉన్నది ఒక్కటే సీటు. ఆశపడ్డవాళ్లు ఇద్దరు. గ్రహణం నాటి ఫిల్ము రషీదాకీ, పోల్చి చూడటానికి దాని ముందు రోజుది కామరాజుకీ ఇచ్చారు. కామరాజు తండ్రి గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చినాయన.

రషీదాది రెండింటి నుంచి ఆరింటి దాకా, అయిదు నిమిషాలకొకటి చొప్పున నలభై తొమ్మిది బొమ్మలు. రెండు రోజులు కదలకుండా చదివింది. గీత కనబడకపోతే అంకె బదులు ఒక అక్షరం రాయాలి: వేరే రేడియోలు అడ్డొస్తే ఎస్, యంత్రం ఆగితే సి. ఆ సంగతి ఆమెకు తెలుసు. నాలుగుకి పది తక్కువ నుంచి నాలుగూ అయిదు దాకా నాలుగు బొమ్మలు రేవులోని ఓడల రేడియోలతో తెల్లచారలైపోయాయి. గ్రహణం బాగా ముదిరిన వేళ అది. అంత ముఖ్యమైన చోట వరసగా నాలుగు ఎస్‌లు పెడితే కాగితం బోసిపోతుందనిపించింది. అటూ ఇటూ ఉన్న అంకెల్ని చూసుకుని, వంపు చక్కగా దిగి లేచేట్టు, మధ్యలో నాలుగు అంకెలు వేసేసింది.

పది రోజుల తర్వాత త్రివేండ్రం నుంచి కనకరత్నం గారు వచ్చారు. ఇరవయ్యేళ్లుగా ఇదే పనిలో ఉన్న సైంటిస్టు. ఇస్త్రీ లేని నేత చీర, చేతికి మగవాళ్ల గడియారం. ఆమె వచ్చిన పూట పొద్దున్నే, ఫిల్ము కడిగి ఆరబెట్టే నీలకంఠం రషీదాని పిలిచాడు. ఆయనకి డిగ్రీ లేదు. ఆయన చూడని ఫిల్మూ ఆ లాబ్‌లో లేదు.

"ఏటి పాపా, నాలుక్కి పది తక్కువ కాడ నాకేటీ అవుపడనేదు. నీకేటి అవుపడింది?"

రషీదా వెనక్కి తిరిగి తలుపు దగ్గరగా వేసింది.

"తెల్ల సారలు తప్ప ఏటీ నేదక్కడ. నువ్వు సూస్తే ముత్యాల్లాగ అంకెలెట్టినావు."

"సార్‌కి చెప్తారా?"

"నానెందుకు సెప్తాను? నీ కాయితం, నీ నోరు."

పదకొండింటికి అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. కామరాజు వంగి ఆమె కాగితం చూసి, "దీని పక్కన నాది పెడితే కోడి నడిచినట్టుంది. ఇంకా సీటు ఎవరికో చెప్పాలా?" అని గొణిగాడు. ఆ మెచ్చుకోలు రషీదాకి ముల్లులా దిగింది.

కనకరత్నం గారు కళ్లజోడు సర్దుకుని కాగితం మీద వేలు జరుపుకుంటూ వచ్చి ఒకచోట ఆగారు. ఆమె ముఖం చిన్నపిల్ల ముఖంలా వెలిగింది.

"సీతారామాంజనేయులు గారూ, చూశారా? సరిగ్గా నాలుగింటికి అడుగంటింది. గ్రహణం ముదిరాక పది నిమిషాలకి! మేం లెక్క కట్టిందీ ఇంతే. ఈ అమ్మాయి కాగితం నాకివ్వండి, మా రీసెర్చి పేపర్లో వేసుకుంటాం."

ప్రొఫెసర్ గారు ఎన్నడూ లేంది, నవ్వారు. రషీదా వైపు తిరిగి, "ఇది ఈ అమ్మాయి..." అనబోయారు.

"ఆ నాలుగూ నేను చూడలేదండీ."

రషీదా కుర్చీ వెనక్కి నెట్టి లేచి నిలబడింది. "నాలుక్కి పది తక్కువ నుంచి నాలుగూ అయిదు దాకా చారలే ఉన్నాయి. అంకెలు నేను వేసినవి."

"ఎందుకు వేశావు?" అన్నారు ప్రొఫెసర్ గారు.

"డిగ్రీలో రికార్డులో ఖాళీ వదిలితే మార్కులు తీసేవారు సార్. వంపు అందంగా వస్తే గుడ్ అని రాసేవారు. ఆ అలవాటే... తెలిసే చేశాను సార్."

ముందు కదిలింది కనకరత్నం గారే. సంచిలోంచి తమ ఊరి కాగితం తీసి, ఆమె కాగితం పక్కన పరిచారు. సరిగ్గా ఆ వేళకే దాని మీద వరసగా 'సి' లు ఉన్నాయి.

"పది నెలలు తయారయ్యామమ్మా. సరిగ్గా ఆ పావుగంట ఫిల్ము ఇరుక్కుంది. సి రాసేటప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే రాశాను." రషీదా కాగితం మీద వేలు ఆనించారు. "నీ అంకె నాకు కావాల్సిన అంకె. అందుకే చూడగానే నమ్మేశాను. తప్పు నీ ఒక్కదానిదీ కాదులే."

రషీదా ఆ 'సి' లను చూస్తూ ఉండిపోయింది. వాటిలో బోసితనం ఏమీ కనబడలేదు.

ప్రొఫెసర్ గారు మాత్రం మెత్తబడలేదు. "మిగతా నలభై అయిదూ?"

"చూసే రాశాను సార్."

"అది నీ మాట. ఇప్పుడు దానికి విలువెంత?"

కనకరత్నం గారు గడియారం చూసుకున్నారు. "నా రైలు సాయంత్రం కదా. మళ్లీ చదివించండి. కూర్చుంటాను."

కిటికీలకి నల్లగుడ్డలు వేశారు. నీలకంఠం బొమ్మ పెద్దగా బల్ల మీద పడేట్టు ఫిల్ము తిప్పాడు, రషీదా పైకి చదివింది, కామరాజు రాశాడు. నీలకంఠం తను చదివింది విడిగా రాసుకున్నాడు. ఆ నాలుగు బొమ్మల దగ్గర ఆమె "ఎస్... ఎస్... ఎస్... ఎస్" అంది. అన్న ప్రతిసారీ మనసు కాస్త తేలికపడింది. మధ్యలో అందరికీ టీలొచ్చి చల్లారిపోయాయి. త్రివేండ్రం సైంటిస్టూ, ఫిల్ము కడిగే మనిషీ, ప్రొఫెసరూ ఒకే బొమ్మ మీదకి తలలు వంచి, గీత తెగింది ఇక్కడా అక్కడా అని చనువుగా పోట్లాడుకుంటుంటే, ఇలాంటివాళ్ల మధ్య ఉండటం కోసం ఏమైనా చెయ్యొచ్చనుకుంది రషీదా. ఇవాళ పోగొట్టుకున్నది కూడా ఇదేనేమో అనుకుంది.

ఇద్దరు చదివిందీ పోల్చి చూస్తే, నలభై అయిదింటిలో మూడు చోట్ల మాత్రం వెంట్రుకవాసి తేడా.

"మధ్యలో ఈ చిల్లుతోనే వేస్తాం," అన్నారు కనకరత్నం గారు, కొత్త కాగితం సంచిలో పెట్టుకుంటూ.

ప్రొఫెసర్ గారు పాత కాగితం మడిచి రషీదా వైపు తిరిగారు. "జూన్‌లో చేరు. కానీ ఏడాది పాటు నువ్వు చదివిన ఏ ఫిల్మూ నీలకంఠం మళ్లీ చదవకుండా లాబ్ లెక్కల పుస్తకంలోకి ఎక్కదు."

"మరి నేను సార్? నేను లేనిదేమీ రాయలేదు కదా," అన్నాడు కామరాజు.

"నువ్వు ఉన్నది కూడా రాయలేదు. పన్నెండు చోట్ల అక్షరాలు పెట్టావు. నేను చూశాను. అందులో ఏడు బద్ధకం."

అందరికంటే ముందు కామరాజే నవ్వాడు, చెవులు ఎర్రబడుతుండగా.

రషీదాకి కళ్లు తుడుచుకోవాలనిపించింది కానీ చేతుల నిండా కాగితాలున్నాయి. "ఏడాది సరిపోతుందా నీలకంఠం గారూ?" అంది.

"సాలదు," అన్నాడాయన ఫిల్ము చుట్టుకుంటూ. "రేపు ఎనిమిదికల్లా వచ్చెయ్. నిన్నటిది ఇంకా సదవనేదు."